ఎదురు కొట్టుకు వెళ్ళిన పిచర్

మా క్లబ్‌లో బంతి విసిరే పిచర్ అవతలి క్లబ్‌కు వెళ్ళిపోతున్నాడన్న కబురు నాకు మా వీధి చివరి డెయిరీలో, పెరుగు డబ్బా మీద తేదీ చూస్తుండగా తెలిసింది. డెయిరీ అంటే ఈ దేశంలో గేదెలుండవు. పాలు, బ్రెడ్డు, ఐస్‌క్రీమ్, మాంసం కూరిన వేడి వేడి పైలు అమ్మే చిల్లర కొట్టు. ఆ పైల దగ్గర మా క్లబ్ ప్రెసిడెంట్ నిలబడి ఉన్నాడు. రిటైరైన ప్లంబర్. ఈ ఊళ్ళోనే, లోవర్ హట్‌లోనే పుట్టి పెరిగి, ఇక్కడి సగం ఇళ్ళకు కుళాయిలు బిగించిన మనిషి.

"గాలి కాస్త తగ్గింది," అన్నాడు.

"తగ్గింది," అన్నాను.

"మనవాడు వెళ్ళిపోతున్నాడు," అన్నాడు అదే గొంతుతో. "హార్బర్ అవతలి వాళ్ళు ఎక్కువ ఇస్తామన్నారట."

ఇక్కడివాళ్ళ దుఃఖం ఇలాగే ఉంటుంది. ముందు వాతావరణం, తర్వాత అది. కానీ ఆయన చేతిలోని పై తినేసి రెండోది కూడా కొనుక్కున్నాడు. దాంతో దెబ్బ గట్టిగానే తగిలిందని అర్థమైంది.

మాది సాఫ్ట్‌బాల్ క్లబ్. బేస్‌బాల్‌కు తమ్ముడనుకోండి. బంతి కాస్త పెద్దది, మైదానం కాస్త చిన్నది. పిచర్ చేతిని గిర్రున ఒక చుట్టు తిప్పి, నడుము కింది నుంచి బంతిని వదులుతాడు. బ్యాటు పట్టుకున్నవాడు మూడుసార్లు గాలిని కొడితే ఔట్. మా పిచర్ చేతిలోంచి వచ్చిన బంతి బ్యాటు దగ్గరకు రాగానే, ఎవరో పిలిచినట్టు పైకి లేచేది. కొట్టేవాడు కింద వెతుక్కునేవాడు.

ఈ కుర్రవాడు ఒంగోలు నుంచి ఇక్కడికి నర్సుగా వచ్చిన నర్సమ్మ కొడుకు. ఇక్కడే పుట్టాడు. ఎలక్ట్రీషియన్ పని చేస్తాడు. తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం అవసరమైనంతే: "ఆంటీ", "ఆకలి", "చాలు". వాడి పుణ్యాన నాలుగైదు తెలుగు కుటుంబాలు శనివారాలు మడత కుర్చీలు, ఫ్లాస్కులు, బజ్జీలు పట్టుకుని ఆ గడ్డి మీదకు చేరేవి. మొదటి ఏడాది మాకు రూల్సేమీ తెలియవు. బంతి కంచె దాటితే "సిక్సర్!" అని అరిచేవాళ్ళం, అది అవతలి జట్టు కొట్టినదైనా సరే. తర్వాత తర్వాత అంపైర్‌కు సలహాలిచ్చే స్థాయికి ఎదిగాం.

కబురు మా వాట్సాప్ గ్రూపులో పడగానే అందరి గుండెలూ ఒకేసారి పగిలాయి. ఒకాయన "నమ్మకద్రోహం" అని రాశాడు. ఒకామె ఏడుపు బొమ్మలు వరుసగా పెట్టింది. మా ఆయనైతే ఆ రాత్రి అన్నం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

"నాలుగేళ్ళు శనివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని వెళ్ళానే వాడి కోసం! డబ్బుకి వెళ్ళిపోతాడా?"

"మీరు మౌంట్ ఆల్బర్ట్‌లో ఉద్యోగం మానేసి ఇక్కడికి ఎందుకొచ్చారండీ?"

"అదేంటి? కొత్త కంపెనీ వాళ్ళు ప్యాకేజీ బాగా ఇచ్చారు, వచ్చాం."

"పాత కంపెనీ వాళ్ళు ఏడ్చారా?"

"అది కెరీర్. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"మరి వాడిది?"

ఆయన పప్పు కలుపుకోవడం మొదలుపెట్టాడు. "వాడు మనవాడు," అన్నాడు చివరికి. అదే వాదన, అదే తీర్పు.

రెండు రోజుల తర్వాత ప్రెసిడెంట్ నాకు ఫోన్ చేశాడు. వెళ్ళి కుర్రవాడితో మాట్లాడమన్నాడు. నన్నే ఎందుకంటే, దానికో చరిత్ర ఉంది. క్లబ్ గదికి కార్పెట్ వేయించాలనుకున్నప్పుడు దుకాణానికి నేను కూడా వెళ్ళాను. ఇక్కడ ధర చెబితే జనం ఇచ్చేసి థాంక్యూ కూడా చెబుతారు. నేను చీరాలలో బట్టల కొట్టు గల్లా పక్కన హోంవర్క్ చేసుకుంటూ పెరిగినదాన్ని. మొదటి ధర అంటే నాకు పలకరింపు మాత్రమే. కార్పెట్ అంచు మడిచి చూశాను, పెదవి విరిచాను, గుమ్మం దాకా వెళ్ళాను, వెనక్కి వచ్చాను. ఆ కార్పెట్ చివరికి సగం ధరకు, బిగింపు కూలితో సహా, గుమ్మం ముందు వేసే పట్టాలు రెండు ఉచితంగా కలిపి వచ్చింది. ప్రెసిడెంట్ అంతసేపూ పెయింట్ డబ్బాల వెనక దాక్కున్నాడు. సిగ్గట. కానీ ఆ రోజు నుంచి నేనంటే ఆయనకు ఒక భయభక్తి.

ఆదివారం చర్చి అయిపోయే వేళ చూసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. నర్సమ్మ కోడిపులుసు కలుపుతోంది. వాడు సోఫాలో కూర్చుని నన్ను చూడగానే విషయం అర్థమై, కాళ్ళు దగ్గరకు తీసుకున్నాడు.

కొట్లో కస్టమర్‌కు ముందు మంచినీళ్ళిస్తారు. నేను వాడిని పొగడటంతో మొదలుపెట్టాను. పోయిన సీజన్, ఆ సెమీఫైనల్, లేచే ఆ బంతి. తర్వాత అసలు సరుకు విప్పాను.

"క్లబ్ అంటే ఏముంది నాన్నా, ఒక కుటుంబం. నువ్వు మా ఇంట్లో పిల్లాడివి. ఇంట్లోవాళ్ళని వదిలి ఎవరైనా పోతారా?"

వాడు తల దించుకున్నాడు. పని అవుతోందనుకున్నాను. అప్పుడు వంటింట్లోంచి గరిటె చప్పుడు ఆగింది.

"ఏందక్కా, కుటుంబమే, కాదన్లే," అంది నర్సమ్మ. "పోయిన చలికాలం వాడి భుజం పట్టేసి నెల్లాళ్ళు పనికి పోలా. చేసే చోట జీతం రాలా. ఫిజియోకి నేను డబుల్ డ్యూటీలు చేసి కట్టా. ఈ కుటుంబంలో ఒక్కరైనా, వీడికి చెయ్యెట్లా ఉందని అడిగారా? నువ్వడిగావా?"

అడగలేదు. మళ్ళీ ఎప్పుడు ఆడతాడని అడిగాను.

ఆ నిమిషంలో నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మా కొట్లో ఒక గుమాస్తా ఉండేవాడు. చీర విప్పి విసిరితే పమిట సరిగ్గా వచ్చినావిడ భుజం మీద వాలేది. ఇంక ఆవిడ దాన్ని తీయలేకపోయేది. ఊళ్ళో ఆడవాళ్ళు కొట్టు పేరు చెప్పకుండా ఆయన పేరు చెప్పి వచ్చేవారు. ఒకరోజు ఆయన జీతం ఎక్కువిస్తున్నారని మా ఎదురు కొట్టుకు వెళ్ళిపోయాడు. మా నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని బాధపడేవాడు: "మనింటి మనిషిలా చూశానండీ!" ఒకరోజు లోపల్నుంచి మా అమ్మ అంది, "మనింటి మనిషికి జీతం పెంచి ఎన్నాళ్ళయిందో చెప్పండి." మా నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

ఒక మనిషిని ఇంటి మనిషి అని పిలవడం యజమానికి అతి చవకైన జీతం పెంపు. ఆ చీరాల సరుకునే నేను ఇంత దూరం తెచ్చి, సోఫా మీద పరిచి, ఈ కుర్రవాడికి అమ్మజూస్తున్నాను.

సరే, వచ్చినందుకు వివరమైనా తెలుసుకుందామనుకున్నాను.

"వాళ్ళేమిస్తామన్నారు?"

చెప్పాడు. వాళ్ళ స్పాన్సర్ కంపెనీలో ఉద్యోగం, గంటకు ఇప్పటికన్నా కొంచెం ఎక్కువ, తిరగడానికి ఒక బండి, సీజన్‌కు కొంత.

"నువ్వేమన్నావు?"

"స్వీట్ యాజ్ అన్నాను, ఆంటీ."

అంటే, బంగారంలా ఉంది, ఒప్పుకున్నాను అని. నేను తల పట్టుకున్నాను.

"మొదటి మాటకే?"

"దే వర్ రియల్లీ నైస్, ఆంటీ."

"నైస్‌గా ఎందుకుండరురా! నువ్వు బేరమే ఆడకపోతే నేనైనా నైస్‌గానే ఉంటాను!"

అక్కడితో నేను వచ్చిన పని మర్చిపోయాను. వాడు వెళ్ళిపోవడం ఒక బాధ. మొదటి ధరకు వెళ్ళిపోవడం భరించలేని బాధ. మా పిచర్‌ను, మా నాలుగేళ్ళ శనివారాలను, చెప్పిన రేటుకు తీసుకుపోతారా? కుర్చీ ముందుకు లాక్కున్నాను.

"సంతకం పెట్టావా?"

"నో."

"దేవుడున్నాడు. రేపు వెళ్ళి వాళ్ళ ఎదురుగా కూర్చో. వాళ్ళు రేటు చెప్పాక ఏమీ అనకు. టీ తాగు."

"నేను టీ తాగను."

"నీళ్ళు తాగు! ఏదో ఒకటి తాగు, కానీ మాట్లాడకు. ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళు తగ్గుతారు. బండి ఇస్తే పెట్రోలు ఎవరిది? అడుగు. ఫిజియో ఎవరిది? అడుగు."

"భుజం అక్కా, భుజం!" నర్సమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది. "మళ్ళీ పట్టేస్తే?"

"అదే అసలు సంగతి. చెయ్యి పనిచేయని రోజుల్లో కూడా కంపెనీ జీతం రావాలి. మిగతా వాటిలో తగ్గినా పర్లేదు, దీంట్లో తగ్గకు."

వాడు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ అప్పచెప్పాడు. నేను అదే ఊపులో, గొంతు మార్చకుండా, ఇంకోటి చేర్చాను.

"ఆఖరిది. మన క్లబ్‌తో మ్యాచ్ ఉన్న రోజు నువ్వు పిచ్ చేయవు."

వాడు వేలు ముడవబోయి ఆగాడు. "అది ఎవరి కోసం, ఆంటీ?"

"నీ భుజం కోసమే. ఒక రోజు రెస్టు."

నర్సమ్మ గుమ్మం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. వాడూ నవ్వాడు, ఆ వేలు మాత్రం ముడవలేదు. "మీకు వెయ్యకపోతే నాకు ఫన్ ఏముంది?" అన్నాడు. వాడి నోట నేను విన్న అతి పొడవైన తెలుగు వాక్యం అదే.

మర్నాటి బేరంలో పెట్రోలు దగ్గర తగ్గాడట. భుజం దగ్గర తగ్గలేదట.

ప్రెసిడెంట్‌కు చెప్పడానికి క్లబ్ గదికి వెళ్ళాను.

"ఉంటాడా?"

"ఉండడు. కానీ మంచి ధరకు వెళ్తున్నాడు."

పిల్లిని కాపలా పెట్టి పాలు పోగొట్టుకున్నవాడిలా చూశాడు నన్ను. "నువ్వు మా వైపు కదా?"

"మధ్యలో వైపు మారాను." భుజం సంగతి, డబుల్ డ్యూటీల సంగతి చెప్పాను. ఆయన కిటికీలోంచి తడిసిన మైదానం వైపు చూశాడు. ఈసారి వాతావరణం గురించి ఏమీ అనలేదు.

"మేం అడగాల్సింది," అన్నాడు. అంతే. ఇక్కడి లెక్కలో అది పెద్ద ఉపన్యాసం.

వాడు అవతలి చొక్కాతో మా మీద ఆడే రోజు వచ్చింది. గ్రూపులో ముందే తీర్మానం అయింది: చప్పట్లు కొట్టకూడదు, పలకరించకూడదు, బజ్జీ పెట్టకూడదు. తీర్మానం రాసింది మా ఆయన. నర్సమ్మ ఏ వైపూ కూర్చోలేక, బ్యాటర్ వెనక కట్టిన వల అవతల, సరిగ్గా మధ్యలో కుర్చీ వేసుకుంది.

వాడు వచ్చాడు, చేతిని తిప్పాడు, మావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు గాలిని కొట్టి వెనక్కి వచ్చారు. మా వరుస తీర్మానం ప్రకారం చేతులు కట్టుకుని కూర్చుంది. ఏడోదీ ఆఖరిదీ అయిన ఇన్నింగ్స్‌కు మేం ఒక్క పరుగు వెనక ఉన్నాం. బేస్ మీద పరుగుకు సిద్ధంగా మనిషున్నాడు, ఇద్దరు ఔట్, మూడోవాడూ పోతే ఆట ముగిసినట్టే. మా బలమైన బ్యాటర్ బరిలో ఉన్నాడు. రెండు తప్పాయి. మూడోది నడుము ఎత్తులో వచ్చి, బ్యాటు దగ్గర లేచింది. అయిపోయింది.

అంతలో మా ఆయన లేచి నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాడు. "చూశారా? చూశారా ఎట్లా లేపాడో! అది మనవాడి బంతి!" వరుసంతా ఆయన్ను చూసింది. తర్వాత తీర్మానాలన్నీ ఎటో పోయాయి. పిల్లాడు దగ్గరకు వచ్చేసరికి అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. వాడు మాత్రం నర్సమ్మ పక్కన గడ్డి మీద చతికిలబడి "ఆకలి" అన్నాడు.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు కారు మా ఆయనే నడిపాడు. సిగ్నల్ దగ్గర ఆగి, గొంతు సవరించుకుని అడిగాడు.

"వచ్చే శనివారం మన మ్యాచ్ ఎన్నింటికి?"

"రెండింటికి. వాడిదీ రెండింటికే. హార్బర్ అవతల."

"ఐదో ఇన్నింగ్స్ దాకా మనది చూసి, అట్నుంచి అటు డ్రైవ్ చేసుకుపోతే?"

ఐదు అన్నాడంటే నాలుగుకు వస్తాడు. నేను రెండో ఇన్నింగ్స్ దగ్గర బేరం మొదలుపెట్టాను.