వద్దన్న ఫీజు

ఆ రోజుల్లో మా తెనాలిలో వకీలు అనేవాడు ఫీజు అనే మాట నోటితో పలకకూడదు. ఈ నియమం ఏ చట్టంలోనూ లేదు గాని అన్ని చట్టాలకంటే గట్టిగా అమలయ్యేది. కక్షిదారు వస్తే వకీలుగారు కుశలం అడుగుతారు, పంటల సంగతి అడుగుతారు, దావా వివరాలు వింటారు, "చూద్దాంలెండి" అంటారు. అక్కడితో ఆయన పని పూర్తి. కక్షిదారు చెప్పులు వేసుకుంటూ ఉండగా వరండా చివర బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తాగారు ఒకసారి దగ్గి, "ఇటు రండి, మాట" అంటారు. మిగతాదంతా అక్కడే జరుగుతుంది. (ఆ దగ్గు విని ఫీజు ఎంతో చెప్పేయగలిగిన కక్షిదార్లు ఉండేవారని మా సీనియర్ గారు అంటుండేవారు.) అరవైల చివర్లో నేను వకీలునయ్యేనాటికి నాకు నల్లకోటైతే ఉంది గాని గుమాస్తా లేడు. నా తరపున దగ్గేవాళ్ళు లేకపోవడం వల్ల అరటి గెలలు, కందిపప్పు, ఒకసారి జత పావురాలు మాత్రమే పుచ్చుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను.

దీనికి తోడు మా ఇంటి పెంపకం ఒకటి. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు కాఫీ ఇస్తామంటే మొదటిసారి "వద్దండి" అనాలి. రెండోసారి అడిగితే "ఇప్పుడే తాగొచ్చామండి" అనాలి. మూడోసారికి "సరే, సగం ఇవ్వండి" అని నిండు గ్లాసు తాగి రావాలి. మొదటిసారే ఒప్పుకున్న పిల్లలకు దారిలో మా అమ్మ తొడపాశం పెట్టేది. అడిగేవాళ్ళకూ ఈ లెక్క తెలుసు గనుక ఎవరికీ కాఫీ తప్పేది కాదు. లోకమంతా ఇలాగే నడుస్తుందని నేను మనస్ఫూర్తిగా నమ్మాను.

నా మొదటి అసలైన కేసు రేపల్లె నుంచి వచ్చింది. అక్కడొక రైసు మిల్లులో బియ్యం చెరిగే ఆవిడ ఎడమచెయ్యి బెల్టులో పడి రెండు వేళ్ళు పోయాయి. మిల్లులో అందరూ ఆవిణ్ణి చేటత్త అనేవారు. ఆవిడ చేట ఆడిస్తే నూకలు ఒక పక్కకి, బియ్యం ఒక పక్కకి చెప్పిన మాట విన్నట్టు విడిపోయేవట. ఎడమచేతికి పట్టు లేకపోతే చేట నిలవదు. వేళ్ళతో పాటు బతుకుతెరువూ పోయింది. పరిహారం వస్తే ఒక గేదెను కొనుక్కోవాలని ఆవిడ ఆశ. "మేపటానికి నేనున్నాను, పితకటానికి నా కోడలుంది. ఇంక రావాల్సింది గేదే బాబూ" అనేది. పెద్ద వకీళ్ళంతా ఏదో ఒక మిల్లు తరపువాళ్ళే కావడంతో మా సీనియర్ గారు ఆ కాగితాలు నా ముందు పెట్టి, "నువ్వే చూడు, పుణ్యం వస్తుంది" అన్నారు. (ఫీజు రాదు అని చెప్పడానికి అప్పట్లో అది మర్యాదైన మాట.)

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ మిల్లు మా పెదనాన్నది. సొంత పెదనాన్న కాదు, నాన్నకు పెత్తండ్రి కొడుకు. అయినా నా అక్షరాభ్యాసం రోజున నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని బియ్యంలో ఓనమాలు దిద్దించింది ఆయనే. (ఆ బియ్యం కూడా ఆయన మిల్లువే.) చెప్పకుండా వకాల్తా వేయడం బాగుండదని రేపల్లె బండి ఎక్కి వెళ్ళి, సంగతి చెప్పాను. ఆయన వక్క నముల్తూ నా కోటు వంక పైనుంచి కిందికి చూశారు.

"వేసుకో. కాని బాగా చదివి వెయ్యి. అక్కడికొచ్చి నత్తినత్తిగా మాట్లాడి ఇంటిపేరు పాడుచేశావా, ఊరుకోను" అన్నారు.

పెదనాన్న పిసినారి కాదు. చేటత్త ఆసుపత్రి ఖర్చంతా ఆయనే పెట్టుకున్నారు, ఇంటికి బియ్యం బస్తాలు పంపారు. కాని ఆ పరిహారం కట్టడం అంటే తన మిల్లే ఒక మనిషి వేళ్ళు తీసిందని సంతకం పెట్టడమే అని ఆయన పట్టుదల. ఈ కార్మిక పరిహారం చట్టంలో తప్పెవరిదన్న ప్రశ్నే లేదు పెదనాన్నా, పనిలో దెబ్బ తగిలితే చాలు అని నేను చెబితే, ఎదుటి వకీలు మాట ఎవడు వింటాడురా అనేవారు. చివరికి కార్మిక నష్టపరిహారాల కమిషనర్ గారు మా వైపు తీర్పిచ్చారు. పెదనాన్న హైకోర్టుకు అప్పీలు వెళ్ళారు. అప్పీలు చేయాలంటే పరిహారం సొమ్ము ముందే కట్టాలి గనుక అది భద్రంగానే ఉంది గాని, తేలేదాకా చేటత్త చేతికి రాదు. "మీ గేదెను ఖజానాలో కట్టేశారురోయ్" అని తోటి జూనియర్లు నన్ను ఏడిపించేవారు.

హైదరాబాదులో ఒక వకీలుగారు వాదించగా, నేను వెనక నిలబడి ఫైలు అందించగా, అప్పీలు కొట్టేశారు. ఓడిన అప్పీలుకు కార్మికురాలి తరపు వకీళ్ళ ఫీజు ఎదుటివారి చేత ఇప్పించాలా, ఇప్పిస్తే ఎంత అన్నది కమిషనరే తేల్చాలని చివర ఒక ముక్క రాశారు. అసలు బాధ ఆ ముక్కతో మొదలైంది. చేటత్త తెనాలి వచ్చి మా అరుగు మీద కూర్చుని, "మీ ఇద్దరి ఫీజూ నా సొమ్ములోంచే పట్టుకోండి బాబూ" అంది. నాకేమీ వద్దన్నాను. "ఊరికే చేయించుకుంటే ఆ పాలు నా గొంతు దిగవు" అంది. వద్దు అనే మాట నాకంటే ఆవిడకే బాగా తెలుసు. హైదరాబాదు వకీలుగారికి, నాకు ఇచ్చాక ఆవిడకు మిగిలేది గేదెకు కట్టే పలుపుతాడు. మా సీనియర్ గారు నన్ను లోపలికి పిలిచి, "బాపట్ల క్యాంపు కోర్టులో కమిషనరు, మీ ఇద్దరి ఫీజూ కావాలా అని నిన్నే అడుగుతాడు. కావాలి సార్, అను. అంతకంటే ఒక్క మాట మాట్లాడకు. నోరు జారితే ఆవిడ గేదె పోయినట్టే" అన్నారు.

తెనాలి నుంచి బాపట్ల దాకా రైల్లో ఆ రెండు మాటలే సాధన చేశాను. కిటికీ వైపు తిరిగి "కావాలి సార్, కావాలి సార్" అనుకుంటుంటే ఎదురుగా పులిహోర పొట్లం విప్పుతున్న ఒక పెద్దావిడ జాలిపడి, "కాస్త తింటావా నాయనా" అంది. "అబ్బే, వద్దండి" అన్నాను. ఆవిడ మూడుసార్లు అడిగింది, నేను తిన్నాను. ఆ క్షణంలోనే నాకు బుద్ధి రావాల్సింది.

ట్రావెలర్స్ బంగళా హాల్లో కమిషనర్ గారు కూర్చున్నారు. ఎక్కడో దూరపు జిల్లా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి, చాలా మర్యాదస్తుడు. ఒక పక్క పెదనాన్న, ఆయన వకీలు. మరో పక్క నేను, నా వెనక చేటత్త. కమిషనర్ గారు కాగితాలు చూసి, అప్పుడే వచ్చిన మజ్జిగ గ్లాసు చేతిలోకి తీసుకుని, నా వైపు తిరిగి, "ఏమండీ, అప్పీలు ఫీజు ఇప్పించమంటారా?" అని నవ్వుతూ అడిగారు. ఆ చిరునవ్వు, ఆ గ్లాసు, ఆ అడిగే తీరు అచ్చం చుట్టాలింట్లో వడ్డించేవాళ్ళు అడిగినట్టే ఉన్నాయి. నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది.

"అబ్బే, ఎందుకండి, పర్లేదండి" అన్నాను.

అని, మర్యాదగా తల వంచుకుని రెండోసారి అడగడం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆయన కలం సిరాలో ముంచి, "సరే, వద్దన్నారు" అంటూ రాయడం మొదలుపెట్టారు. ఒక మనిషి రెండోసారి అడగకుండా ఉండగలడని నా జీవితంలో మొదటిసారి తెలిసింది. వెనక నుంచి "బాబూ, నా గేదె" అని చేటత్త గొంతు సన్నగా వినిపించింది. రాస్తున్న పెద్దమనిషిని ఆపడం మర్యాదేనా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. పెదనాన్న వకీలు మాత్రం ముఖం వెలిగిపోతుండగా, "నమోదు చేయండి సార్" అన్నారు.

అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైంది. పెదనాన్న లేచి నిలబడ్డారు.

"ఆగండి సార్. వాడు వద్దన్నంత మాత్రాన వద్దని కాదండి."

"మరేమిటండి?" అన్నారు కమిషనర్ గారు.

"మా వైపు మొదటిసారి అలాగే అంటారండి. మీరు ఇంకో రెండుసార్లు అడగాలండి."

"ఇది కోర్టండి, పెళ్ళి పంక్తి కాదు."

"కోర్టైతే మాత్రం వాడు తెనాలివాడే కదండీ" అన్నారు పెదనాన్న.

ఆయన వకీలు కండువా పట్టుకు లాగుతూ, "అది మీరు కట్టాల్సిన డబ్బండి, కూర్చోండి" అని గొణిగారు. పెదనాన్న కండువా విడిపించుకున్నారు.

"తెలుసండి. హైకోర్టు దాకా నన్ను ఓడించిన వకీలండి వాడు. ఫీజు లేకుండా వాదించాడని బయటికొస్తే, ఊరికే వచ్చిన వకీలు చేతిలో ఓడిపోయానంటారు రేపల్లెలో. రేపు నేను బజార్లోకి ఎలా రానండి? వాడికి ఫీజు వెయ్యండి. హైదరాబాదాయనకి ఎంతో మావాడికీ అంత వెయ్యండి. తగ్గిస్తే నేను ఒప్పుకోను."

కమిషనర్ గారు గ్లాసు బల్ల మీద పెట్టి, రాసింది కొట్టేసి, నన్ను మళ్ళీ అడిగారు. నిజం చెబుతున్నాను, ఆ రెండోసారి కూడా నా నోటి నుంచి "మీ ఇష్టమండి" అనే వచ్చింది. ఆయన నిట్టూర్చి మూడోసారి అడిగారు. "కావాలి సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన రాసేశారు. ఇద్దరికీ సమానంగానే రాశారు.

బయటికి వచ్చాక పెదనాన్న చేటత్తను ఆపి, గేదెను కొనేటప్పుడు తనకు కబురు చెయ్యమని, సంతలో మోసాలు ఎక్కువగా ఉన్నాయని, తానొచ్చి బేరం చేస్తానని అన్నారు. "మీరొస్తే బేరం హైకోర్టు దాకా వెళ్తదండి అయ్యగారూ, నేను చూసుకుంటాలెండి" అందావిడ. ఆయన నవ్వాపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. కారెక్కబోతూ నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి, "ఒరేయ్, ఆ తీర్పులో నా తప్పని రాశారా?" అని అడిగారు.

"లేదు పెదనాన్నా. ఆ చట్టంలో తప్పు మాటే ఉండదు. మీకు మూడుసార్లు చెప్పాను."

"నాలుగోసారి చెప్పలేకపోయావా" అని కారెక్కేశారు.

గేదె ఈనాక చేటత్త జున్ను గిన్నె పట్టుకుని రైల్లో తెనాలి వచ్చింది. "ఎందుకత్తా ఇప్పుడివన్నీ" అని నేను అనబోతే, "వద్దంటే రాసేసుకోటానికి నేను బాపట్ల అధికారిని కాదు బాబూ" అని గిన్నె మా అమ్మ చేతిలో పెట్టింది. పెదనాన్న ఉన్నన్నాళ్ళూ పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నన్ను చూపించి, "హైకోర్టు దాకా వెళ్ళినా మావాణ్ణి ఓడించలేకపోయానండి" అని చెప్పుకునేవారు. ఆ తర్వాత నేను చాలా కేసులు గెలిచాను గాని, ఓడినవాళ్ళు అంతగా మురిసిన కేసు మరొకటి లేదు. ఆ గర్వం ఇప్పటికీ నాలో అలాగే ఉంది, దాచుకోవడం దేనికి?

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు ఫీజు సంగతి మొదటి మాటలోనే చెప్పేస్తారు, తడబడరు. వింటుంటే ముచ్చటగానే ఉంటుంది. నేను మాత్రం ఎవరింటికి వెళ్ళినా "వద్దండి, ఇప్పుడే తాగొచ్చాను" అనే అంటాను. ఈమధ్య చాలామంది "అలాగా" అని ఊరుకుంటున్నారు. కాఫీ లేకుండా మెట్లు దిగుతూ, వెనక ఎక్కడైనా కుర్చీ జరిగిన చప్పుడు వినిపిస్తుందేమోనని ఒక్క క్షణం ఆగుతాను. ఆగి, నవ్వుకుని, ఇంటికొచ్చి మా ఆవిణ్ణి అడిగి తాగుతాను.