రుజువు నా చేతిలోనే ఉంది

ఆ వయసులో నాకు రుజువు మీద ఉన్న భక్తి గుళ్లో పూజారికి కూడా ఉండి ఉండదు. గ్రహణం పట్టిన పూట హాస్టల్ గేటు ముందు నిలబడి, అందరూ చూస్తుండగా ఇడ్లీలు తినేవాణ్ణి (ఆకలి లేకపోయినా సరే). మా హేతువాద చర్చా బృందంలో పెద్దలు నేర్పిన సూత్రం ఒక్కటే: ఆరోపణ చేసినవాడే రుజువు చూపాలి. మెస్సులో సాంబారు మీద కూడా ఆ సూత్రం ప్రయోగించినవాణ్ణి, ఫుట్‌బాల్ మైదానంలో వదులుతానా?

అది హాస్టళ్ల మధ్య సెమీఫైనల్. నా గదిలో ఉండే లెఫ్టు (ఎడమకాలితో ఆడతాడు గనుక ఆ పేరు) మా జట్టుకు ప్రాణం. మల్కాజ్‌గిరిలో బట్టల దుకాణంలో పనిచేసే వాళ్లమ్మ కొడుకు ఆట ఎన్నడూ చూడలేదు. ఫైనల్ రోజుకు సెలవు అడిగిపెట్టుకుంది. సెమీస్‌కు రాలేదు కాబట్టి వీడియో తీసే పని నాకు పడింది. "అరే, బాల్ యాడికి పోతే గాడికి తిప్పకు. నన్నే తియ్యి. అమ్మకు పంపాలె" అన్నాడు లెఫ్టు. క్రమశిక్షణ గలవాణ్ణి కదా, కళ్లు బంతి మీద, ఫోను వాడి మీద పెట్టి గీత పక్కన నిలబడ్డాను.

ఆట ముగియవస్తుండగా, బంతి ఆ చివర ఉంటే ఈ చివర ఈల మోగింది. అవతలి జట్టువాడు నేల మీద ఉన్నాడు. రెఫరీ మాస్టారు లెఫ్టుకు రెడ్ కార్డ్ చూపించారు. అంటే వాడికి ఫైనల్ కూడా లేనట్టే.

మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చిన మా అభిమానులు ఊరుకోలేదు. "గిదేంది సార్, పిలగాడు ఉత్తగనే పడ్డడు."

"మీవోడు గుద్దకపోతే గాలికి పడ్డడా ఏంది?" అన్నారు అవతలివాళ్లు.

వాదించినవాళ్లలో చూసినవాడు ఒక్కడూ లేడు. అందరి కళ్లూ బంతి వెంట పోయాయి.

నేను మైదానం మధ్యకు నడిచాను (ఎవరూ పిలవలేదు). ఒక్కరు చూశానన్నంత మాత్రాన సత్యమైపోదనీ, ఈల చేతిలో ఉన్నవారి మాట కూడా పరీక్షకు నిలవాలనీ ఉపన్యసించాను. చప్పట్లు పడ్డాయి. "రుజువు చూపించండి సార్" అని ముగించాను.

కోస్తా నుంచి వచ్చిన ఆ మాస్టారు ఆదివారాలు చర్చిలో పాటలు పాడించే శాంతమూర్తి. "అలాగేనండి బాబూ. మరి మీ చేతిలో ఉన్నదేవిటండి?" అన్నారు.

ఫోనులో ఎర్రచుక్క ఇంకా వెలుగుతోంది. నా ఉపన్యాసంతో సహా అంతా రికార్డయింది. ఎండ పడకుండా చేత్తో కప్పి, వీడియో వెనక్కి జరిపాను. మొదట చూసింది నేనొక్కణ్ణే. మావాడు మోచేత్తో ఒకటి ఇచ్చాడు, సరిగ్గా తెర మధ్యలో. తలెత్తితే లెఫ్టు నా ముఖంలోకే చూస్తున్నాడు. 'రికార్డ్ కాలేదు' అనడానికి రెండే మాటలు.

"కొట్టిండు సార్" అన్నాను. అవీ రెండే.

పది మందితోనే గెలిచాం. తర్వాత చాయ్‌కి తార్నాక దాకా నడిచాం, వాడు ముందు, నేను వెనక. "ఫోన్ జేబుల పెట్టుకొని మాట్లాడితే అయిపోతుండె కదరా" అన్నాడు సగం దారిలో. ఆపైన ఫైనల్ దాకా మాటల్లేవు.

ఫైనల్‌కు వాళ్లమ్మ వచ్చింది. గీత బయట, ఆడని కొడుకు పక్కన కూర్చుని వీడియో అడిగి చూసింది.

"కొట్టినవా లేదా?"

"కొట్టిన."

"మరి గీ పిలగానితోని మాట్లాడవేంది?" అని, తెచ్చిన సర్వపిండి రొట్టె వాడికంటే ముందు నా చేతిలో పెట్టింది. ఆ రోజు నాకు నిజంగానే ఆకలి వేసింది.

ఇప్పటికీ నేను రాసే వ్యాసాల్లో ఎవరినైనా రుజువేదని నిలదీసే ముందు నా జేబు తడుముకుంటాను. లెఫ్టు మాత్రం నేను ఫోన్ చేస్తే ఎత్తగానే "రికార్డ్ చేస్తలేవు కదా?" అంటాడు. లేదంటాను. వాడు ఎన్నడూ రుజువు అడగలేదు.