అద్దానికి అంటుకుపోయిన ఫొటో

మా చెల్లెలు పచ్చకామెర్లతో పోయాక మాకు మిగిలిన ఫొటో ఒక్కటే. చల్లపల్లిలో స్టూడియోకి వెళ్లి లంగా ఓణీతో తీయించుకున్నది. దానికి ఫ్రేము కట్టించి విజయవాడ ఇంట్లో గోడకు తగిలించాం. ప్రతి శుక్రవారం అమ్మ దేవుడి పటాలతో పాటు దాన్నీ తడిగుడ్డతో తుడిచి, నుదుటి దగ్గర అద్దం మీద బొట్టు పెట్టేది. పోయినవాళ్లను దేవుళ్లలో కలిపేసుకోవడం మనకు అలవాటే కదా. ఆ తడి అద్దం అంచుల్లోంచి లోపలికి దిగుతుందని ఏ ఒక్కరికీ తట్టలేదు.

ఈ వానాకాలం చూసేసరికి ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంది. బుగ్గ మీద మొదలైన బూజు కంటిదాకా పాకింది. బెంజ్ సర్కిల్ దగ్గర స్టూడియోకి తీసుకెళితే, అద్దం మీంచే కాపీ తీసి, బూజు పట్టిన భాగాన్ని కంప్యూటర్లో దిద్దుతామన్నారు. అమ్మ ఒప్పుకోలేదు.

"సగం మొహం వాళ్లు గీస్తే అది నా కూతురెట్టా అవుద్దిరా? దాన్నే జాగ్రత్తగా ఊడదియ్యి."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఫోన్లో వీడియోలు చూశాను. ఒకడు వేడిగాలి కొట్టమంటాడు, ఒకడు దారం దూర్చి కోయమంటాడు. అందరి ఫొటోలూ అరటితొక్కల్లా ఊడొచ్చేస్తున్నాయి. నాకు వాళ్లందరి మీదా ఒళ్లు మండింది. చివరికి కాచి చల్లార్చిన నీళ్లు పళ్లెంలో పోసి, అద్దంతో సహా ఫొటోని నానబెట్టాను.

కాసేపటికి కింది అంచు కదిలింది. వేలితో నెమ్మదిగా లేపితే లంగా వచ్చింది, చేతులు వచ్చాయి, జడ వచ్చింది. ఒక్క గీత కూడా పడలేదు. అమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. నాకూ ఆశ పుట్టింది, ఆ పాడు ఆశ.

మెడ దగ్గర ఆగిపోయింది. లాగలేదు, నిజంగా లాగలేదు. ఇంకొన్ని నీళ్లు పోసి ఆగాను. బూజు తిన్నచోట రంగు అప్పటికే మెత్తబడిపోయినట్టుంది, కాగితం తనంతట తానే జారి నీళ్లలోకి వచ్చేసింది. మెడ పైన తెల్లగా ఉంది. ముఖం అద్దం మీదే ఉండిపోయి, మేం చూస్తుండగానే పసుపు నీళ్లలా కిందికి కారిపోయింది. అమ్మ గుడ్డ పెట్టి అన్నేళ్లూ ప్రేమగా తుడిచింది సరిగ్గా అక్కడే. ఆ మాట నేను ఆవిడతో అనలేదు, అననక్కర్లేకపోయింది.

అమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"నీకు దాని మొహం గుర్తుందా?"

ఉందమ్మా అన్నాను. కళ్లు మూసుకుని వెతికాను. లంగా ఓణీలో, కదలకుండా, కెమెరా వంక చూస్తున్న పిల్లే కనిపించింది. అది ఎలా నవ్వేదో ఎంత ప్రయత్నించినా రాలేదు. ఇన్నేళ్లూ నేను గుర్తుపెట్టుకున్నది చెల్లెల్ని కాదు, ఆ ఫొటోని.