ప్రభుదాసు మోతాదు

ఆ ఏడాది పోయినవేమిటో ముందే చెబుతాను. ప్రభుదాసు అనే నలభై ఆరేళ్ళ మనిషి. పోయేముందు అతని ఒంటి నుంచి ఇరవై రెండు కిలోలు. అతను కౌలుకు చేసిన రెండు రొయ్యల గుంటలు. ఇప్పుడు వాటిని వేరేవాళ్ళు చేస్తున్నారు. అతని భార్య సువార్తమ్మ ఆదివారం ఆరాధనలో పాడే పాట. ఆమె ఇప్పటికీ చర్చికి వెళ్తుంది, పాడదు. ఆఖరున, నా పని మీద నాకున్న నమ్మకం. ఇది లెక్కలోకి రాదని ఎవరైనా అంటే తీసేయవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

కరోనా సద్దుమణిగిన తరువాతి వేసవి పంటకు కంపెనీ నన్ను అల్లూరు సెక్టారుకు మార్చింది. నేను రొయ్యల మేత కంపెనీలో ఫీల్డు టెక్నీషియన్‌ని. మా పైన ఏరియా మేనేజరు, ఆయన పైన రీజనల్ మేనేజరు. మిగతా టెక్నీషియన్లంతా చేపల పెంపకం మీద డిగ్రీ చేసినవాళ్ళు. నాది పదో తరగతి. గోడౌన్లో మేత బస్తాలు లెక్కపెట్టే పనికి చేరి, వాళ్ళు వేసే లెక్కలు పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను. నేను వేసిన అంచనాలు పట్టుబడి రోజు, అంటే పెరిగిన రొయ్యను పట్టి అమ్మే రోజు, కాటా తూకానికి దగ్గరగా వస్తుంటే, చదువు సంగతి పక్కన పెట్టి ఆ ఉద్యోగం ఇచ్చారు. యాభై మూడో ఏట మానుకున్నాను.

ఆ పని తెలియని వారికోసం కొంచెం చెప్పాలి. టెక్నీషియన్ వారానికొకసారి గుంటలో విసురు వల వేయించి, పడిన రొయ్యలను తూచి సగటు బరువు కడతాడు. ఎన్ని బతికి ఉన్నాయో అంచనా వేసి, మొత్తం బరువు తేల్చి, అందులో ఇంత శాతం మేత వేయమని రైతుకు చెబుతాడు. మందయితే గుంట విస్తీర్ణాన్ని నీటి లోతుతో గుణించి మోతాదు కడతాడు. ఇవన్నీ ఒక ఎత్తు, చెక్ ట్రే ఒక ఎత్తు. వల గుడ్డ బిగించిన చదరపు పళ్ళెం అది. దానిలో గుప్పెడు మేత వేసి అడుగుకు దించుతాం. రెండు గంటలకు పైకి లాగి చూస్తాం. మేత మిగిలితే రొయ్య తినటం లేదు. తెల్లని దారాల్లాంటి రెట్ట కనిపిస్తే పేగు చెడింది. నీళ్ళ పైనుంచి చూస్తే ఇవేవీ తెలియవు. రైతు ఫోను చేసి మందు చెప్పమంటే, మేము ముందు అడిగేది ట్రే లాగావా అని.

ప్రభుదాసు నా సెక్టారులో శ్రద్ధగల రైతు. చెప్పింది చేస్తాడు, చేసింది చెబుతాడు. భార్యాభర్తలిద్దరూ పంట కాలమంతా గట్టు మీది షెడ్డులోనే కాపురం. ఆ షెడ్డులో మోటారు స్విచ్చుల పక్కన మేకుకు ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతుండేది. దాని నిండా గ్యాస్ బిళ్ళలు. గట్ల మీద బతికేవాళ్ళలో ఆ సంచి లేని షెడ్డు నేను చూడలేదు. వేళకు తిండి ఉండదు, నిద్ర ఉండదు, ఛాతీలో మంట అందరికీ ఉంటుంది.

గుంటలో రొయ్య పిల్ల వదిలిన రెండో నెలలో, వల వేసి తూకం ముగించాక, అతను నెల్లూరు డాక్టరు రాసిన చీటీ నా చేతికిచ్చాడు. మొదట్లో రోజుకు ఒకటి, నలభై మిల్లీగ్రాముల బిళ్ళ. తరువాత రెండు పూటలా ఒక్కొక్కటి. ఇప్పుడు పొద్దున రెండు, రాత్రి రెండు.

"గుంట మందులన్నీ నువ్వే గదన్నా లెక్క కట్టేది. ఇది గూడా చూడు. నేనెంత, నా పొట్టెంత? ఇన్ని కావాల్నా?"

"నువ్వు రొయ్యవైతే చెప్పేవాడిని" అన్నాను.

"రొయ్యకు గ్యాస్ వస్తే ఏం చల్లిస్తావన్నా?"

"రొయ్యకు పడుకోబోయేముందు పచ్చిమిరపకాయ బజ్జీలు పెట్టేవాళ్ళు లేరులే."

పొయ్యి దగ్గరి నుంచి సువార్తమ్మ నవ్వింది. "ఆ మాట గట్టిగా చెప్పన్నా. నేను చెప్తే సణుగుడంటాడు."

అల్లూరులో మందుల షాపు అతన్ని అడిగాను. మామూలుగా రోజుకొకటి ఇస్తారనీ, ఎక్కువ ఇవ్వాల్సిన జబ్బులు కొన్ని ఉంటాయనీ, అది డాక్టరు చూసుకోవలసిన సంగతనీ చెప్పాడు. అంటే నాలుగు రెట్లు. మా పనిలో ఎవరైనా మోతాదు నాలుగు రెట్లు చేశారంటే రెండే కారణాలుంటాయి. రోగమేదో తేలి ఉండాలి, లేకపోతే మందు వేసేవాడికి ధైర్యం పోయి ఉండాలి. ఇందులో ఏది అన్నది నేను చెప్పగలిగింది కాదు. డాక్టరునే అడుగుదామన్నాను. ఒక్కడే వెళ్తే అడగలేనని అతను అంటే, సెలవు పెట్టి వెంట వెళ్ళాను.

ఆ డాక్టరు చెడ్డవాడని రాయను. బయట వరండాలో కూర్చోవటానికి చోటు లేనంత మంది ఉన్నారు. ఆయన ఎవరినీ కసురుకోలేదు. మోతాదు ఎక్కువేమోనని అనుమానంగా ఉంది సార్ అన్నాను. మీరెవరన్నారు. చెప్పాను. ఆయన నవ్వి, "మంట తగ్గిందా?" అని ప్రభుదాసును అడిగారు. తగ్గింది సార్ అన్నాడు. "మరి ఇంకేం కావాలయ్యా?" అన్నారు. అంటూనే చీటీ తీసుకొని, భయపడుతున్నారు గనుక సగానికి తగ్గిస్తున్నాననీ, మంట మళ్ళీ వస్తే రమ్మనీ, అప్పుడు గొట్టం వేసి లోపల చూద్దామనీ చెప్పారు.

బయటికి వచ్చి టీ తాగాం. ప్రభుదాసు మహా సంతోషంగా ఉన్నాడు. "ఒక్క మాటతో సగం కొట్టించినావు గదన్నా. మా కరెంటు బిల్లు గూడా నువ్వే పోయి మాట్లాడు" అన్నాడు. నేను కూడా సంతోషించాను. అడిగినది అంకె గురించి, అంకె తగ్గింది.

రెండు వారాలు గడవకముందే మంట తిరిగి వచ్చింది. ఆ వారం నేను గట్టు ఎక్కగానే, వల వేసే మనుషుల ముందే అందుకున్నాడు.

"నీ శాతాలు గుంట దాకా పెట్టుకో అన్నా. నీ లెక్కతో నా రొమ్ము కాల్చినావు."

డాక్టరు రమ్మన్నారు కదా, వెళ్దాం పద అన్నాను.

"యాడికి పోయేది? మూడో నెల జరగతుండాది. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రెండు గుంటలూ తేలిపోతాయి. నేను నెల్లూరు పోయి గొట్టం మింగతా కూర్చుంటే వీటి కాడ ఎవురుంటారు, నువ్వుంటావా?"

అతను అన్నది నిజమే. మూడో నెలలో రొయ్య బరువెక్కి, నీటిలో గాలి చాలక, గుంట ఎప్పుడేమవుతుందో తెలియని స్థితిలో ఉంటుంది. నీటిని చిలికి గాలి కలిపే ఏరేటరు తిరుగుతున్నదా లేదా అని చెవి అటే వేసి పడుకుంటారు. కాపలా మనిషికి అప్పగించి వెళ్ళి పంట పోగొట్టుకున్నవాళ్ళను నేనే చూశాను. నా కింద మరో నలభై గుంటలున్నాయి. నేనుంటాలే అనలేకపోయాను. అతను ఆ రోజు నుంచే మళ్ళీ నాలుగు బిళ్ళలు మొదలుపెట్టాడు. పాత చీటీ చూపిస్తే షాపులో ఇచ్చారు. మంట తగ్గింది. నాతో ఆ విషయం ఎత్తటం మానేశాడు.

గుంటలు మాత్రం ఆ ఏడాది చూడముచ్చటగా పెరిగాయి. ట్రే ఎప్పుడు లాగినా కడిగిన పళ్ళెంలా వచ్చేది. పట్టుబడికి మూడు వారాలుందనగా ఆ మాటే చెబుదామని వెళ్తే, ప్రభుదాసు షెడ్డులో మంచం మీద పడుకొని ఉన్నాడు. సువార్తమ్మ నన్ను గట్టు చివరికి తీసుకుపోయింది.

"గుంటలో మేత మిగిలితే రెండు గంటల్లో కనిపెడతారే మీరు. ఈయన పళ్ళెంలో మిగిలిందంతా నెలన్నర నించి నేను కోళ్ళకు వేస్తుండా. ముద్ద దిగదు. అన్నం మాని గంజి, ఇప్పుడు గంజి గూడా గుటక గుటక. అన్ని బిళ్ళలెందుకని అడిగినారు, సరే. ఎంత తింటుండాడని ఒక్కరన్నా అడిగినారా అన్నా?"

లోపలికి వెళ్ళి అతన్ని మేత బస్తాల కాటా ఎక్కమన్నాను. పంట మొదట్లో వేళాకోళానికి అదే కాటా ఎక్కి డెబ్బయి ఒకటి తూగాడు. ఇప్పుడు యాభై ఎనిమిది. కాటా ముల్లు వంక ఒకసారి చూసి, "ఇంకా కౌంటు రాలేదబ్బా, ఇప్పుడే పట్టొద్దు" అన్నాడు. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. పక్కనున్న వల మనుషులు నవ్వారు. సువార్తమ్మ నవ్వలేదు.

గుంటలను పక్క గట్టు రైతుకు అప్పగించి మర్నాడే నెల్లూరు తీసుకెళ్ళాను. ఆ డాక్టరే అతన్ని చూడగానే లేచి నిలబడి, ఎండోస్కోపీకి పంపించారు. ఈసారి ఆయన నవ్వలేదు. అన్నవాహిక పొట్టలో కలిసే చోట గడ్డ ఉందన్నారు. చెన్నై వెళ్ళాం. రైలు సూళ్లూరుపేట దాటేదాకా అతను మాట్లాడింది ఒక్కటే: పక్కగట్టు ఆయన రాత్రిపూట లేచి ఏరేటర్లు చూస్తాడా, చూడడా. చెన్నై ఆసుపత్రిలో గడ్డ కాలేయానికి కూడా పాకిందని తేల్చారు.

అతను అక్కడ ఉండగానే పట్టుబడి జరిగింది. ముప్పై కౌంటు. ఆ వేసవికి మా సెక్టారులో అదే మంచి పంట. నేను మంచం పక్కన నిలబడి చెబితే, "నువ్వు చెప్పిన లెక్కే వచ్చింది గదన్నా" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం ఏమైనా ఉందా అని చూశాను. లేదు. ఉంటేనే నయంగా ఉండేది.

బిళ్ళల వల్లనే ఇది వచ్చిందా అని అక్కడి డాక్టరమ్మను అడిగాను. అలా చెప్పటానికి లేదన్నది. గడ్డ ముందే ఉండి ఉంటుందనీ, బిళ్ళలు మంటను కప్పాయనీ, మంట లేకపోతే మనిషి రాడనీ చెప్పింది. మరి ఆ మోతాదు ఎక్కువేనా అన్నాను. కొన్ని జబ్బులకు తాము కూడా అంత ఇస్తామనీ, అయితే లోపల చూశాక, ఇన్నాళ్ళని గడువు పెట్టి ఇస్తామనీ అన్నది. అంటే మేము నెల్లూరు వెళ్ళి వాదించిన అంకె దానంతట అది తప్పూ కాదు, ఒప్పూ కాదు.

వానలు పడకముందే ప్రభుదాసు పోయాడు. ఆఖరి తూకం నలభై తొమ్మిది. సముద్రం దారిలో ఇసుకనేల సమాధుల తోటలో పెట్టారు.

ఆ తరువాత మరో పంట చేసి ఉద్యోగం మానుకున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు అడిగితే చెప్పేది ఇది. మోతాదు పెరుగుతూ పోతుంటే, ఎక్కువా తక్కువా అని అడగటం సగం ప్రశ్నే. అంత మోతాదు దేనిని అణచి ఉంచుతున్నదో అడగాలి. మందు పనిచేస్తున్నదన్న మాట దానికి జవాబు కాదు. అంకె తగ్గించి చేతికిస్తే తీసుకొని వచ్చేయకూడదు.

సమాధి కార్యక్రమం అయ్యాక సువార్తమ్మ నన్ను ఒక సంగతి అడిగింది. "నాలుగు బిళ్ళలు రాసిన రోజే లోపల చూసుంటే ఇంకా ఎన్నాళ్ళుండేవాడన్నా? పదేళ్ళా, పది నెలలా, ఇంతేనా? నువ్వు లెక్కలోడివి. ఏదో ఒక అంకె చెప్పు, నేను దాన్ని పట్టుకొని ఉంటా."

చెన్నై డాక్టరమ్మకు ఫోను చేశాను. చెప్పలేనన్నది. నేనే చాలా విధాలుగా కట్టి చూశాను. ఆ లెక్కకు కావలసిన మొదటి సంఖ్య, గడ్డ ఎప్పుడు మొదలైందన్నది, ఎవరి దగ్గరా లేదు. అల్లూరు వైపు వెళ్ళినప్పుడల్లా సువార్తమ్మ ఇంటికి వెళ్తాను. స్టూలు వేసి మజ్జిగ ఇస్తుంది. మళ్ళీ అడగలేదు. ఆమెకు ఆ అంకె నేనింకా ఇవ్వలేదు.