బిళ్ళల సంఘంలో మా షడ్డకుడు

మా షడ్డకుడికి ఆ సంఘంలో ఒక్కరంటే ఒక్కరు, ఒక్కనాడూ చాయ్ పోసి ఇవ్వలేదు. ఈ మాట ఏళ్ళ తరబడి నా గొంతులో ముల్లులా ఉంది. ఆయన బతికి ఉండగా చెబితే ఆయనకే చిన్నతనమని ఊరుకున్నాను. పోయిన నెల ఆయన పోయాడు. ఇక ఊరుకోను.

ఎలా పోయాడో కూడా చెబుతాను. పొద్దున కంపెనీ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు ఆయన పనిచేసే గ్యారేజీ ముందు ఆగింది. అందరూ దిగారు, ఈయన దిగలేదు. డ్రైవర్ "యల్లా భాయ్, యల్లా" అని అరిచాడట. ఎవరు ఎప్పుడు పిలిచినా లేచే మనిషి ఆ రోజు లేవలేదు. ఫోన్ వచ్చినప్పుడు నేను మనామాలో నా ఇస్త్రీ దుకాణంలో ఉన్నాను. ఎవడిదో సెక్యూరిటీవాడి ప్యాంటు చేస్తున్నాను. పెట్టె దాని మీదే వదిలేశాను. ప్యాంటు కాలిపోయింది. కాలితే కాలనీ.

షడ్డకుడంటే తోడల్లుడు. నేను అక్కను చేసుకున్నాను, ఆయన చెల్లెల్ని చేసుకున్నాడు. ఆయన నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. నన్ను బహ్రెయిన్‌కు పిలిపించింది ఆయనే. నేను పెద్దగా చదువుకోలేదు, అక్షరాలు కూడబలుక్కుని రాస్తాను. ఇక్కడి మన తెలుగువాళ్ళ పత్రిక నడిపేవాళ్ళు "మీ బంధువు గురించి నాలుగు మంచి మాటలు రాయండి" అన్నారు. మంచి మాటలే రాస్తాను. నిజం కూడా రాస్తాను.

సంఘం అంటే కులసంఘమో తెలుగు సంఘమో అనుకునేరు. అది పాత వైన్ బిళ్ళలు పోగుచేసేవాళ్ళ సంఘం. వెనకటికి ఇంగ్లీషు దొరలు వైన్‌ను గాజు సీసాల్లోకి వంచి బల్ల మీద పెట్టుకునేవాళ్ళట. ఏ సీసాలో ఏముందో తెలియడానికి చిన్న వెండి బిళ్ళ మీద పేరు చెక్కించి, సన్నని గొలుసుతో సీసా మెడలో వేసేవాళ్ళట. ఆ బిళ్ళలు వెతికి దాచుకునే పిచ్చి కొందరికి ఉంది. బంగారం కొనడానికి ఎగబడే ఈ ఊళ్ళో వందల ఏళ్ళ నాటి వెండి ముక్కల కోసం పిచ్చిపట్టినవాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చునేంత మంది ఉన్నారు. ఉండేవాళ్ళు.

నెలకోసారి శుక్రవారం సాయంత్రం సనాబిస్‌లో ఒక మేడ మీది హాలులో కలిసేవాళ్ళు. పొడుగు బల్ల, దాని మీద వరసగా సీసాలు. ఎవరి బిళ్ళ వాళ్ళు ఒక సీసాకు తగిలించి, ఆ సీసా వెనక కూర్చోవాలి. బిళ్ళ ఉన్నవాడు సభ్యుడు, లేనివాడు చుట్టం. నేను చుట్టంగా వెళ్ళేవాణ్ణి. సీసాల్లో మందు మాత్రం ఉండదు. దానిమ్మ రసం, గులాబీ షర్బత్, నల్ల చాయ్ పోసేవాళ్ళు. సంఘానికి పెద్ద మన తెలుగు డాక్టరమ్మే. గుంటూరు వైపు ఆమె, మన తెలుగు చర్చి సహవాసంలో మీ అందరికీ తెలిసిన మనిషి. చర్చి పెద్దలు ఒకసారి "ఈ సారా బిళ్ళలేంటమ్మా" అని నిలదీస్తే ఆమె "బిళ్ళను చూస్తే మత్తెక్కదండీ" అందట. ఆమె పక్కన ఒక ముసలి బహ్రెయినీ హాజీ కూర్చునేవాడు. మందు వాసన కూడా ఎరగడు. చెక్కుడు పని చూసి మురిసిపోయేవాడు, అంతే. ఒక గోవా అకౌంటెంట్, కొందరు ఇంగ్లీషువాళ్ళు ఉండేవాళ్ళు.

వీళ్ళ మధ్య మా షడ్డకుడేంటి అంటే, ఆయనకూ ఒక బిళ్ళ ఉంది. చాలా ఏళ్ళు ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర డ్రైవర్‌గా చేశాడు. ఆ దొర దేశం వెళ్ళిపోతూ, "నీకు ఏం కావాలి" అని అడిగాడట. ఇంకొకడైతే టీవీ అడిగేవాడు. ఈయన సీసా మెడలోని బిళ్ళ అడిగాడు. ద్రాక్షాకు ఆకారంలో ఉంటుంది, బొటనవేలంత వెడల్పు. ఎందుకు అడిగావురా అంటే ఒక మాట చెప్పాడు.

"అన్నా, సీసకు మెడ ఉన్నది, తలకాయ లేదు. అందుకే పాపం దానికి పేరు రాసి కట్టిన్రు. మనకు తలకాయ ఉన్నది, అయినా ఎవ్వడు మన పేరు అడుగడు."

ఆ బిళ్ళ పట్టుకుని సంఘంలో చేరాడు. సమావేశం రోజు మధ్యాహ్నమే నా దుకాణానికి వచ్చి నిలబడేవాడు. తెల్ల చొక్కా, కాలరు గట్టిగా ఉండాలి. "నీ పెండ్లికి గూడ ఇంత సక్కగ తయారు గాలేదు గదరా" అంటే, "పెండ్లికి పోయేటప్పుడు నాకు బిళ్ళ లేకుండె" అనేవాడు. కోపం తెప్పిద్దామన్నా రాదు ఆ మనిషికి.

నేను మొదటిసారి వెళ్ళిన రోజు చెబుతాను. ఆయన వంతు. ప్రతి సమావేశంలో ఒకరు లేచి తన బిళ్ళ గురించి చెప్పాలి. మిగతావాళ్ళు ఏ ఊళ్ళో చేశారు, ఏ కంసాలి ముద్ర అని చెప్పేవాళ్ళు. ఈయనకు అవేమీ తెలియవు. హిందీలో ఒక కథ చెప్పాడు, డాక్టరమ్మ ఇంగ్లీషులో చెప్పింది. దొర ఇంట్లో విందు. ఈయన్ని సీసాలు సర్దమన్నారు. బిళ్ళ తీసుకెళ్ళి సిర్కా సీసాకు, అంటే పుల్లటి వెనిగర్ సీసాకు, తగిలించాడు. చుట్టాలు గ్లాసుల్లో పోసుకున్నారు, తాగారు. పెద్ద మనుషులు కదా, మొహం మాడ్చుకుంటే దొరకు అవమానం అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ "బ్రహ్మాండం, బ్రహ్మాండం" అన్నారట. ఒకాయన ఇంకో గ్లాసు కూడా పోసుకున్నాడట. చివరికి దొర భార్య ఒక చుక్క నోట్లో వేసుకుని బయటికి పరుగెత్తిందట. హాలంతా నవ్వు. హాజీ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నవ్వులో నాకు గర్వంగా ఉంది. మా తమ్ముడు ఇంతమంది గొప్పవాళ్ళను నవ్వించాడు అనుకున్నాను.

నవ్వు ఆగింది. బల్లకు అటు చివర కూర్చున్న ఒక ఇంగ్లీషు ఆయన తన ఖాళీ కప్పు ఈయన వైపు చాపాడు. చెడ్డగా కాదు, నవ్వుతూనే చాపాడు. ఈయన కథ చెబుతూ నిలబడినవాడు నిలబడినట్టే వంటగదిలోకి వెళ్ళి కెటిల్ తెచ్చాడు. అందరికీ పోశాడు. నాకూ పోశాడు. ఆయన సీసా వెనక కుర్చీ ఖాళీ.

ఆ రోజు మొదలు ప్రతి సమావేశంలో అదే. హాజీ ఒకటి రెండు సార్లు "ఖలాస్ భాయ్, బైఠో" అన్నాడు. అబద్ధం చెప్పను, అన్నాడు. ఈయన నవ్వి కూర్చునేవాడు. కప్పు ఖాళీ అయిన చప్పుడు వినబడగానే లేచేవాడు. కూర్చో అన్నవాడు ఉన్నాడు గానీ, కెటిల్ చేతిలోంచి లాక్కున్నవాడు లేడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దులిపేశాను.

"పేరుకు వెండి బిళ్ళ, చేతుల కెటిలి. బిళ్ళ బంట్రోతువురా నువ్వు. కలెక్టర్ ఆఫీసుల గూడ బంట్రోతుకు జీతమన్న ఇస్తరు."

"అన్నా, కోపం జేయకు. వోసేటోనికి అందరి మొఖాలు కనవడ్తయి. కూసున్నోనికి పక్కోడే కనవడ్తడు."

"మొఖాలు జూసి ఏం జేస్తవురా?"

"ఊకె జూస్త. మన రూంల జూద్దామంటే అందరు పండుకునే ఉంటరు గద."

అదీ నిజమే. సల్మాబాద్ క్యాంపు గదుల్లో ఒకడు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంకొకడు దుప్పటి కప్పుకుని ఉంటాడు. మేలుకున్న మనిషి మొహం చూడ్డానికి ఈయన సనాబిస్ దాకా పోయేవాడు. నాకు మాత్రం కోపం తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు.

ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. అది మంచి ఆచారం, కాదనను. సభ్యుడు ఎవరైనా చనిపోతే, ఆయన బిళ్ళను ఒక సీసాకు తగిలించి, ఆయనకు ఇష్టమైనది దాని నిండా పోస్తారు. కుర్చీ అలాగే ఉంచి, ముందు ఒక నిండు గ్లాసు పెడతారు. తర్వాత అందరూ లేచి నిలబడి, ఎవరి గ్లాసులో వాళ్ళు కాకుండా పక్కవాళ్ళ గ్లాసులో పోస్తారు. సీసా ఖాళీ అయ్యేదాకా ఎవరూ కూర్చోకూడదు. గోవా అకౌంటెంట్ పోయినప్పుడు చూశాను. ఆయనకు కోకమ్ రసం ఇష్టమట, ఎర్రగా నింపారు. డాక్టరమ్మ ఏడ్చింది. ఆ ఒక్క రోజు మా షడ్డకుడి గ్లాసులో కూడా పక్కనున్న ఇంగ్లీషు ముసలామె పోసింది. అది ఆయనకు పోసినట్టు కాదు, చనిపోయినాయనకు పోసినట్టు.

ఆ రోజు బస్సులో టికెట్టు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"అన్నా, నేను వోతే గూడ గిట్లనే వోస్తరు గదనే?"

"నువ్వు వోతే చాయ్ ఎవడు వోస్తడని ఏడుస్తరు."

నవ్వాడు. నాకు తెలిసినంతలో ఆయన తనకోసం ఒకటి కావాలని నోరు తెరిచి అడిగింది అదొక్కటే. దొరను బిళ్ళ అడిగాడు కదా అంటారేమో. అది దొర అడగమంటే అడిగింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. శవాన్ని ఊరికి పంపే రోజు, పెట్టె మూసే ముందు, ఆ బిళ్ళ దారానికి ఎక్కించి నేనే ఆయన మెడలో వేశాను. ఆయన సొమ్ము, ఆయనతో పోవాలి. ఇందులో తప్పేముంది? ఊళ్ళో చితి మీదికి చేర్చే ముందు ఒంటి మీద ఉన్నవి తీస్తారు. కానీ మా మరదలు తీయనివ్వలేదట. ఫోన్‌లో చెప్పింది.

"మెడల ఉన్నది నువ్వే ఏసినవని చెప్పిన్రు బావా. దేవుని బిళ్ళో, అక్కడి మొక్కో అనుకున్నం. తియ్యలే."

కాలినంత కాలింది. మిగిలిన వెండి ముద్ద అస్థికలతో కలిసి ధర్మపురి దగ్గర గోదావరిలో పడింది.

నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె గురించి ముందు ఒకటి చెప్పాలి. ఆస్పత్రిలో కాగితాలకు నాతో పాటు తిరిగింది ఆమె. పెట్టె విమానం ఎక్కే రోజు సంఘం తరఫున వచ్చిందీ ఆమె ఒక్కతే. ఆ రుణం నాకుంది. రుణం రుణమే, అడిగేది అడిగేదే. నిండు సీసా ఎప్పుడు పెడతారు అని అడిగాను.

"బాబాయ్ గారూ, బిళ్ళ తగిలించాకే కదండీ పోసేది. ఆ బిళ్ళే లేదంటున్నారు. మరి సీసాకు ఏం తగిలించమంటారు?"

"బిళ్ళ వోయింది. మనిషీ వోయిండు. సీస ఉన్నదా లేదా అమ్మా?"

"సీసాలకేమండీ, ఉన్నాయి. ఆ రూల్ నేను పెట్టింది కాదు. మొదటి నుంచీ అంతే. ఇదివరకు ఒకాయన కొడుకు బిళ్ళ ఇవ్వనంటే ఆయనక్కూడా చెయ్యలేదండీ."

"ఇన్నేండ్లు చాయ్ వోసుడు ఏ రూలు?"

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చివరికి "కమిటీలో అడిగి చూస్తానండీ" అంది. కమిటీ అంటే ఇప్పుడు ఎవరు? ఆమె, హాజీ, ఆ ఇంగ్లీషు ముసలామె. కొందరు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు, కొందరు పోయారు. హాజీకి ఇప్పుడు మనుషులు గుర్తుండడం లేదు. ఈ నెల ఆఖరి శుక్రవారం చివరి సమావేశం, తర్వాత హాలు ఖాళీ చేస్తున్నారు. ఎవరి సీసాలు వాళ్ళు తీసుకుపోతారు. అంటే ఆ రోజు పోయకపోతే ఇక ఎప్పటికీ పోయరు.

పోస్తారని నాకు నమ్మకం లేదు. పోసినా ఆయన చూడడు, మా మరదలు చూడదు. ఊళ్ళోవాళ్ళకు గల్ఫంతా దుబాయే, చెబితే దుబాయిలో సీసా పెట్టి దినం చేశారని నవ్వుతారు. మరి నీకెందుకయ్యా అంటారేమో. ఆయన అడిగినప్పుడు నేను వెక్కిరించాను గానీ జవాబు చెప్పలేదు. జవాబు నా దగ్గర లేదు. మీ దగ్గర ఉంది.

మొన్న ఒకసారి హాలుకు వెళ్ళి చూశాను. తలుపు తీసే ఉంది. కుర్చీలు ఒకదాని మీద ఒకటి బోర్లించారు. ఖాళీ చేయకముందే ఓనరు పంపిన రంగులు వేసేవాళ్ళు పనిలో ఉన్నారు. వంటగది తలుపు పక్కన, ఎవరి కప్పు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఆయన ఆనుకుని నిలబడే చోట, గోడ మీద మనిషి ఎత్తున ఒక నూనె మరక ఉంది. భుజాలు కూడా తెలుస్తున్నాయి. రంగువాడు బ్రష్‌తో దాని దాకా వచ్చి, అన్నానికి దిగిపోయాడు.

డాక్టరమ్మా, ఈ పత్రిక మీ ఇంటికీ వస్తుంది. చివరి సమావేశానికి ముందు రోజు గురువారం. ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు బాంగు వినబడేలోపల నా దుకాణానికి ఒక మాట పంపండి. కమిటీ, రూలు అని కాదు. బిళ్ళ లేని సీసాతో ఆయనకు పోస్తారా, పోయరా?