పొగాకు పదును

మా ఆయనకి చుట్టంటే ప్రాణం. అదీ కొట్లో దొరికే చుట్ట కాదు. మా ఊరి నుంచి మరిది పంపే నాటు పొగాకుతో తనే చుట్టుకోవాలి. పొగాకు చేలు వదిలేసి బొంగులూరు వచ్చి, ఇక్కడి పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజుల్లో ఒక వెంచర్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరినా, ఆ అలవాటు మాత్రం మానలేదు మహానుభావుడు.

పెద్దకర్మ రోజు పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ పటం ముందు పెట్టాలి కదా. మా అబ్బాయి సిగరెట్ పెట్టె తెచ్చాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

"మీ నాన్న ఏనాడైనా ఇది ముట్టాడట్రా? తీసెయ్ అవతలికి!"

అటక మీద ఆయన దాచుకున్న ఆకు కట్ట దించాను. ఎండాకాలం కదా, పట్టుకుంటే అప్పడంలా విరిగింది. చుట్టాలంటే ఆకు పదునుకి రావాలి, అంటే విరక్కుండా వంగేంత తేమ పట్టాలి. ఆ పని ఎప్పుడూ ఆయనదే. నేనేనాడైనా అటు చూస్తే కదా! చెంబెడు నీళ్లు చల్లేశాను. చుట్ట వంకరగా వస్తే వచ్చింది గానీ, అగ్గిపెట్టెలో పుల్లలన్నీ గీసినా అంటుకోదే! ఆఖరికి ఇదొక్కటీ చేసి పెట్టలేకపోయానే అని అందరి ముందూ భోరుమన్నాను.

పక్కింటావిడ నిజామాబాద్ వైపు మనిషి, చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన చెయ్యి.

"గట్ల నీళ్లు గుమ్మరిస్తె ఎట్లక్కా? ఏడ్వకు. బట్ట తడిపి మంచిగ పిండు, దాంట్ల ఆకు సుట్టిపెట్టు. పొద్దుగూకేటాల్లకు మెత్తగైతది."

"అప్పటిదాకా ఆయన్ని ఆగమంటావా?"

"ఆగుతడు. యాడికి పోతడు?"

సాయంత్రానికి చుట్టాలంతా వెళ్లిపోయారు. బట్ట విప్పితే ఆకు చెవి తమ్మెలా మెత్తగా ఉంది. ఆవిడే చుట్టి నా చేతికిచ్చింది. మొదటి పుల్లకే అంటుకుంది. పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. ఆయన్ని ఆసుపత్రిలో చేర్చినప్పుడు పోయిన వాసన మళ్లీ ఇల్లంతా నిండింది.

కాసేపటికి చుట్ట ఆరిపోయింది. మళ్లీ అంటించాను. మళ్లీ ఆరింది.

"ఇంకా తడి ఉందేమో చూడమ్మా," అన్నాను.

ఆవిడ చుట్ట అందుకుని రెండు వేళ్లతో నొక్కి చూసింది. నా మొహం వంక చూడకుండా మెల్లిగా అంది:

"పదును మంచిగనే ఉన్నదక్కా. గుంజే మనిషే లేడు."