‘బయటుంది’ అన్న మాట

కరోనా రెండో అల తగ్గిన మరుసటి ఏడాది, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులు. యర్రగొండపాలెం మండలంలో, నల్లమల అంచున ఉన్న ఒక ఊళ్ళో సబ్‌సెంటర్ నాది. ఉద్యోగం పేరు ఏఎన్ఎం. సూదులు వేయడం, రక్తం చూడడం, గర్భిణుల పేర్లు రిజిస్టర్లో ఎక్కించడం, పురుడయ్యేదాకా వెంటబడి తిట్టడం, అన్నీ ఆ మూడక్షరాల్లోనే ఉన్నాయి. ఊళ్ళో ఎవరికీ ఆ అక్షరాలతో పని లేదు, నర్సమ్మ అంటారు. అరిచే నర్సమ్మ అని కూడా అంటారని నాకు తెలుసు. కాదనను.

మా వైపు కడుపుతో ఉన్న సంగతి మూడో నెల దాటేదాకా నోరు విప్పి చెప్పరు. చెబితే దిష్టి తగులుతుందని, నిలవదని భయం. నా పనికి ఇదొక పెద్ద తలనొప్పి. బిడ్డ వెన్నెముక సరిగ్గా ఏర్పడాలంటే ఫోలిక్ యాసిడ్ అనే చిన్న మాత్ర మొదటి నెలల్లోనే మింగాలి. మూడో నెల దాటాక తీరిగ్గా వచ్చి ‘ఇప్పుడియ్యండి’ అంటే ఏం లాభం?

అందుకని ఒక ఏర్పాటు చేశాను. పదిహేను రోజులకోసారి, గురువారం మధ్యాహ్నం, నెల తప్పిన కొత్తవాళ్ళందరినీ బీపీ చూసే నెపంతో పిలిచి, వెనక గదిలో తలుపు వేసి చాప మీద కూర్చోబెట్టేదాన్ని. ఒక్కొక్కరూ మనసులో ఉన్న ఆశ ఒకటి, భయం ఒకటి చెప్పాలి. అక్కడ అన్న మాట గడప దాటకూడదు. కూలికి పోయే మరియమ్మ మొదటి రోజే దానికి పేరు పెట్టేసింది. “మా చర్చిలో కూడిక ఉన్నట్టే ఉంది మేడం, పాట ఒకటే తక్కువ.” అప్పట్నుంచి అది కూడికే అయింది.

ఆశలు చెప్పమంటే సిగ్గుపడేవాళ్ళు. భయాలు మాత్రం ధారాళంగా వచ్చేవి. వాంతులు ఎక్కువైతే బిడ్డ ఆకలికి ఉంటుందా అని ఒకరు. ఆటోలో గుంతల్లో ఎగిరిపడితే జారిపోతుందేమోనని ఒకరు. అడవి పక్క గూడెం నుంచి వచ్చే గురవమ్మకు వాంతులు లేకపోవడమే భయం. “అందరికీ అయితాండయ్, నాకెందుకు కావడంల్యా?” అని అడిగేది. ఒకరి భయం విన్నాక ఇంకొకరికి తన భయం కాస్త తేలికయ్యేది. నేను అరవాల్సిన పని సగం తగ్గింది.

రమణమ్మ ఆ కూడికకు వచ్చింది ఒక్కసారే. పెళ్ళయి అయిదేళ్ళు, అదే మొదటి కడుపు. భర్త మార్కాపురం దగ్గర పలకల క్వారీలో పని చేస్తాడు, ఆదివారాలే ఇంటికొస్తాడు. ఇంట్లో ఉండేది తనూ, అత్తా. యూపీటీ అని మూత్రంతో చూసే పుల్ల పరీక్ష ఒకటుంది, రెండు గీతలు పడితే కడుపు ఉన్నట్టు. నేను చేసి చూపించాను. రెండు గీతలూ స్పష్టంగా పడ్డాయి.

“ఇంకో పుల్ల పెట్టి చూడండి మేడం,” అంది.

“ఎందుకే? కవలలు కావాలా?” అన్నాను. చాప మీద అందరూ నవ్వారు. తను నవ్వలేదు. సరే పాపమని ఇంకో పుల్ల తీశాను. మళ్ళీ రెండు గీతలే. ఆ రెండు పుల్లల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

ఆశ ఏంటో చెప్పమంటే, “ఇది నిజం కావాల,” అంది. భయం ఏంటంటే, “అదే మేడం. నిజం కాదేమోనని.” మార్కాపురం పోయి స్కానింగ్ తీయించుకో అన్నాను. తల ఊపింది. మూడో నెల దాటాక తీయించుకుందామన్న ఊపు అది. నేను గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది.

మరుసటి కూడికకు తను రాలేదు. ఇల్లిల్లూ తిరిగి నాకు కబురు చేరవేసే ఆశా కార్యకర్త తిరుపతమ్మ తలుపు దగ్గరే చెప్పింది. “రమణమ్మ బయటుంది మేడం. వాళ్ళత్త చెప్పింది. మూడు దినాలాయె.”

బయటుంది అంటే మాకు వేరే అర్థం చెప్పక్కర్లేదు. ముట్టు వచ్చింది, ఇంట్లోకి రాదు, ఎవరూ తాకరు. అయ్యో, నిలవలేదన్నమాట, అయిదేళ్ళకు వచ్చింది ఆరేడు వారాలకే పోయింది అనుకున్నాను. తొలివారాల్లో అలా పోవడం నా ఉద్యోగంలో కొత్త కాదు. ఎర్రపెన్ను తీసి రిజిస్టర్లో రమణమ్మ పేరు మీద గీత కొట్టేశాను. “ఆ దినాలు కానియ్, పోయి పలకరిద్దాం,” అని తిరుపతమ్మతో అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

చాప మీద అందరికీ ఆ మాట వినబడింది. ఒకరిద్దరి చేతులు తెలియకుండానే పొట్ట మీదికి పోయాయి. దిష్టి సంగతి అందరికీ గుర్తొచ్చి ఉంటుంది, కూడికకు వచ్చి చెప్పుకోబట్టే పోయిందేమోనని. నా భయం వేరే, ఇక మీదట ఒక్కరూ రారని.

మరియమ్మే నోరు తెరిచింది. “పొద్దున కల్లానికి పోతా చూసినా మేడం. రేకుల కింద కూచోని ఉంది. కుడిభుజం గట్టిగా పట్టుకోనుంది. ఏందక్కా అంటే నరం పట్టింది అనింది.”

“బిందెలు మోసుంటది,” అంది గురవమ్మ.

“బయటున్న మనిషికి బిందె ఎవరిస్తారు వదినా!” అంది మరియమ్మ.

కొందరు కిసుక్కుమన్నారు. నేను మాత్రం ఆ భుజం మాట దగ్గరే ఆగిపోయాను.

ట్రైనింగులో మా ట్యూటరమ్మ ఒకే ఒక్కసారి చెప్పింది. కడుపు గర్భసంచిలో కాకుండా పక్కనున్న సన్నటి గొట్టంలో పడితే దాన్ని ఎక్టోపిక్ అంటారు. బిడ్డ పెరిగేకొద్దీ ఆ గొట్టం పగులుతుంది. బయటికి కనపడే రక్తం కొంచెమే, లోపల పొట్టలో మాత్రం నిండిపోతుంది. ఆ రక్తం పైకెక్కి ఊపిరితిత్తుల కింది పొరను తాకితే నొప్పి భుజంలో తెలుస్తుంది. భుజానికి ఏమీ అయి ఉండదు. ‘బరువెత్తని ఆడమనిషికి భుజం నొప్పి అంటే మీరు పరుగెత్తాల’ అని ఆవిడ బల్ల గుద్ది చెప్పింది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నాకది ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. ఎదురుపడనిది మరిచిపోతాం.

బీపీ మిషన్ చంకన పెట్టుకుని లేచాను. మరియమ్మ నా వెంటే వచ్చింది, వద్దన్నా వినలేదు.

రమణమ్మ ఇంటి పక్క రేకుల పంచలో, గోనెపట్టా మీద, గోడకు ఆనుకుని ఉంది. ఆ ఎండకు మేమిద్దరం చెమటతో తడిసిపోయి ఉన్నాం. తన నుదురు పట్టుకుంటే చల్లగా, జిగటగా ఉంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. అత్త లోపల్నుంచి పరుగున వచ్చింది.

“బయటున్న మనిషిని ముట్టుకుంటివేంది నర్సమ్మా! ఈ ఒక్కదినం ఓర్చుకో, రేపు తలకు పోసుకుంటది.”

“నేను ఇంటికి పోయి తలకు పోసుకుంటాలే పెద్దమ్మా, నువ్వు పక్కకు జరుగు,” అన్నాను.

నాడి చేతికి సరిగా అందడంలేదు. అందినంత మటుకు గబగబా కొట్టుకుంటోంది. బీపీ చూస్తే పై అంకె ఎనభై. మామూలుగా నూటపది, నూటఇరవై ఉండాలి. తప్పు చూశానేమోనని మళ్ళీ చూశాను. ఈసారి ఇంకా తక్కువ.

“గ్యాసు మేడం,” అంది రమణమ్మ, మాట కూడబలుక్కుంటూ. “సోడా తాగినా. తగ్గల్యా.”

“రక్తం ఎట్లా పోతాంది?”

“ఎక్కువేం లేదు. నల్లంగా, కొంచెం కొంచెం.” తర్వాత నా చెయ్యి పట్టుకుని, వినపడీ వినపడకుండా అంది. “మా అత్తకు చెప్పద్దండి మేడం. కడుపు సంగతి ఆమెకు చెప్పలా. మూడో నెల దాటినాక చెప్దామని ఆయనా నేనూ అనుకున్యాం.”

అప్పుడు అర్థమైంది నాకు. రక్తం మరక చూసి అత్త మామూలు ముట్టనుకుని పంచలో కూర్చోబెట్టింది. కోడలు కడుపు సంగతి చెప్పలేక, నొప్పి సంగతీ చెప్పలేక మూడు రోజులు పళ్ళ బిగువున కూర్చుంది. నేను ఆ మూడో రోజు రిజిస్టర్లో పేరు కొట్టేసి నా పని అయిందనుకున్నాను. ముగ్గురం ఒకే మాట చాటున ఉండిపోయాం.

గడప దాటకూడదని నేను పెట్టిన నియమం నేనే దాటాను. “పెద్దమ్మా, నీ కోడలికి కడుపు. అది గొట్టంలో పడి పగిలింది. లోపల రక్తం పోతాంది. ఇప్పుడు కదలకపోతే మనిషి దక్కదు.”

“బయటున్న మనిషికి కడుపేంది?” అంది ముసలావిడ. ఒక్క క్షణం నా ముఖం కేసి, ఒక్క క్షణం కోడలి కేసి చూసింది. తర్వాత మడి లేదు, మైల లేదు, కింద చతికిలబడి కోడలి తల ఒళ్ళోకి తీసుకుంది. “నాకొక మాట చెప్పగూడదా అమ్మా, నేనేమన్నా పరాయిదాన్నా?” అని ఏడ్చింది.

108కు ఫోన్ చేశాను. మా డాక్టరుగారికి చెబితే, “యర్రగొండపాలెంలో ఆగొద్దు, నేరుగా మార్కాపురం తీసుకుపో, నేను ఫోన్ చేసి పెడతా,” అన్నారు. బండి వచ్చేదాకా రమణమ్మను పడుకోబెట్టి కాళ్ళ కింద దుప్పట్లు మడిచి ఎత్తుపెట్టాం. అంతకంటే నా చేతిలో ఏమీ లేదు. అంత భయం నేనెప్పుడూ పడలేదు. మరియమ్మ ఒక పక్క ప్రార్థన చేస్తోంది, అత్త ఒక పక్క చెన్నకేశవ స్వామికి మొక్కుకుంటోంది. నేను నిమిషానికోసారి నాడి చూస్తున్నాను.

బండిలో సెలైన్ పెట్టారు. మరియమ్మ ఎక్కబోతే దించేశాను, తనకూ రెండో నెల. దారిలో రమణమ్మ కళ్ళు మూతలు పడుతుంటే చెంపల మీద తడుతూ కూర్చున్నాను. ఒకసారి కళ్ళు తెరిచి, “బిడ్డ ఉందా మేడం?” అంది. “మాట్లాడకు, ఊపిరి తీసుకో,” అన్నాను. జవాబు నాకు తెలుసు. చెప్పే ధైర్యం లేకపోయింది.

మార్కాపురంలో ఎక్కించిన స్ట్రెచర్ మీదే నేరుగా ఆపరేషన్‌కు తీసుకుపోయారు. భర్త క్వారీ నుంచి ఒంటినిండా పలక దుమ్ముతో, చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. “ఏందక్కా, ఏమైనాది?” అని నన్నే అడుగుతాడు. కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో నేనే వేలు పెట్టి చూపించాను. కుడి గొట్టం పగిలిందని, తీసేశామని, పొట్టలోంచి చాలా రక్తం తోడామని డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పింది. “ఇంకో గంట ఆగి ఉంటే నేను చేసేదేమీ ఉండేది కాదు,” అంది. నేను వరండాలో గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. ఎవరో ఆయా వచ్చి, పేషెంటు బంధువులా అని అడిగింది.

ఆ తర్వాతి కూడికకు ఎవరూ రారనుకుంటే అందరూ వచ్చారు, ఒక్కొక్కరూ ఒక్కో భుజం పట్టుకుని. ఎవర్ని చూసినా భుజం నొప్పే. తిట్టబోయి ఊరుకున్నాను. అందరి బీపీలూ రెండేసిసార్లు చూశాను. గురవమ్మ నాలుగుసార్లు చూపించుకుంది. ఆ నెలలోనే అందరికీ స్కానింగ్ తీయించాను. ఈసారి ఒక్కరూ మూడో నెల మాట ఎత్తలేదు.

కుట్లు ఆరాక రమణమ్మను చూడ్డానికి పోయాను. మంచం మీద కూర్చుని ఉంది. కాసేపు అవీ ఇవీ మాట్లాడింది. నేను లేవబోతుంటే అడిగింది.

“మేడం, ముందే తెలిసుంటే బిడ్డ దక్కేదా?”

ఈసారి తప్పించుకోలేదు. “దక్కేది కాదమ్మా. గొట్టంలో పడ్డ కడుపు ఎవరికీ దక్కదు. అది పడ్డ రోజే అంతే. నీ గొట్టం మాత్రం దక్కేదేమో. ఆ తప్పు నాది. బయటున్నావంటే నీ పేరు కొట్టేసినా.”

నా తప్పు తనకు పట్టినట్టు లేదు.

“అయితే ఆ ముందు దినం నేను మిరపకాయల బస్తా ఎత్తినందుకు కాదా?”

“కాదు.”

“నిజ్జంగా? నేను చంపలేదా మేడం?”

అప్పటిదాకా ఆ పిల్ల మనసులో ఉన్నది అదని నాకు తట్టనే లేదు. కాదు, కాదు అని ఎన్నిసార్లు చెప్పానో. తను వెక్కివెక్కి ఏడుస్తుంటే తలుపు చాటున ఇంకో ఏడుపు వినబడింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. “నేను పంచలో కూచోబెట్టినందుకే పోయిందనుకుంటాన్యా నర్సమ్మా,” అంది. ఒకే ఇంట్లో ఇద్దరాడవాళ్ళు, ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ ఒకే నేరాన్ని చెరొకరూ నెత్తిన పెట్టుకుని, ఒకరికొకరు చెప్పుకోకుండా అన్నం వడ్డించుకుని తింటున్నారు.

ఆ కేసు నాకు నేర్పింది ఇదీ. ఎవరైనా బయటుందని చెబితే ఎన్ని రోజులు, ఏ రంగు, నొప్పి ఎక్కడ అని నేనే పోయి అడుగుతాను, మూడు దినాలూ కానివ్వను. అది వృత్తికి సంబంధించిన పాఠం, ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. రెండోది ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు. ఇప్పుడు కొత్తగా నెల తప్పిన పిల్ల ఎవరొచ్చినా, పేరు రాయకముందే చెబుతాను. ఇది నిలవాలని మనం చేయాల్సిందంతా చేద్దాం, ఒకవేళ నిలవకపోతే అది నువ్వు ఎత్తిన దానివల్లా కాదు, తిన్న దానివల్లా కాదు, ఎవరికో చెప్పుకున్నందువల్లా కాదు అని. ఇంకా ఏమీ కాకముందే, ఆ మాటకు చాలామంది ఏడుస్తారు.